మేటి గిటారిస్టుల ర్యాంకులు, మన పంచాయితీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో గిటార్ వాయించేవాళ్లు నలుగురు ఇరానీ హోటల్లో కూర్చున్నారంటే, రెండో చాయ్ వచ్చేలోపు ఎవరో ఒకరు ఫోన్ తీసి ఏదో పత్రిక వేసిన ‘ప్రపంచ మేటి గిటారిస్టులు’ లిస్టు చదవడం మొదలుపెడతారు. ఆ తర్వాత చాయ్ చల్లారిపోయినా ఎవరూ పట్టించుకోరు. గిటార్ క్లాసుల్లో పిల్లలు, వాళ్లను దింపడానికి వచ్చే అమ్మానాన్నలు, వీకెండ్ బ్యాండ్ల కుర్రాళ్లు, ఒకప్పుడు వాయించి ఇప్పుడు వినడం మాత్రమే మిగిలిన పెద్దవాళ్లు నన్ను తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలు ఇవి. జవాబుల్లో నా ఇష్టాయిష్టాలు కూడా ఉన్నాయి, దాచలేదు.

ఏ లిస్టు గురించి ఇంత లొల్లి?

ఎక్కువగా అమెరికా పత్రిక రోలింగ్ స్టోన్ వేసినవాటి గురించే. 2003లో 100 మందితో ఒకటి వేసింది. 2011లో మళ్లీ 100 మందితో ఇంకొకటి. 2023 అక్టోబరులో ఏకంగా 250 మందితో మరొకటి. ఈ మూడింట్లోనూ మొదటి పేరు జిమీ హెండ్రిక్స్. గొడవంతా రెండో పేరు దగ్గర్నుంచే: 2003లో డ్యూయన్ ఆల్మన్, 2011లో ఎరిక్ క్లాప్టన్, 2023లో చక్ బెర్రీ.

ఇవి కాక అచ్చంగా గిటార్ కోసమే నడిచే పత్రికలు కొన్ని ఉన్నాయి. అవి పాఠకుల చేత ఓట్లు వేయిస్తుంటాయి. 2020లో బ్రిటన్ పత్రిక టోటల్ గిటార్ అలా అడిగితే, రాక్ గిటారిస్టుల్లో అందరికన్నా పైన క్వీన్ బ్యాండ్ బ్రయన్ మే నిలిచాడు, హెండ్రిక్స్‌ని కూడా దాటేసి. అదే మనిషి రోలింగ్ స్టోన్ 2023 లిస్టులో 33వ స్థానం. ఇంటర్ మార్కులు ఇలా వస్తే మనం వెంటనే రీకౌంటింగ్‌కి పెడతాం.

ఒకే పత్రిక, మూడుసార్లు మూడు రకాలు. వాళ్లకే క్లారిటీ లేదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకి నేను ముందు కొన్ని అంకెలు చూపిస్తాను. ఎడ్డీ వాన్ హేలెన్: 2003లో 70, 2011లో 8, 2023లో 4. పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మర్: 82, తర్వాత 14, తర్వాత 28. క్లాప్టన్: 4, 2, 35. జోనీ మిచెల్: 72, 75, ఆపైన ఒక్కసారిగా 9.

ఇప్పుడు రాబర్ట్ జాన్సన్ సంగతి చూడండి. మిసిసిపీ బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం) గాయకుడు, గిటారిస్టు. 1936, 1937ల్లో 29 పాటలు రికార్డ్ చేసి, 1938లో చనిపోయాడు. 2003 లిస్టులో ఐదోవాడు. 2011 లిస్టులో 71. డెబ్బై ఏళ్ల కిందట పోయిన మనిషి ఈ ఎనిమిదేళ్లలో కొత్తగా ఏం చెడగొట్టాడని 66 మెట్లు దిగాడు? ఆయన 29 పాటలూ అలాగే ఉన్నాయి. మారింది ఓటేసే చేతులు.

2003 లిస్టు ప్రధానంగా ఒక విమర్శకుడి ఎంపిక, డేవిడ్ ఫ్రిక్ అనే ఆయనది. ఒక మనిషి రుచి కాబట్టి అందులో పాత బ్లూస్, పంక్ కలగలిసి ఉంటాయి. కర్ట్ కోబేన్ 12, జానీ రమోన్ 16. 2011లో గిటారిస్టులనూ ఇతర నిపుణులనూ పిలిచి ఓట్లు వేయించారు. 2023లో పత్రికవాళ్లే కూర్చుని వేశారు. ఈసారి నునుపుదనం కన్నా ఫీల్‌కి, పనితనం కన్నా కొత్త దారి తొక్కినవాళ్లకి ఎక్కువ విలువ ఇచ్చామని ముందే చెప్పుకున్నారు కూడా. ఆ కొలతతో చూస్తే చక్ బెర్రీ పైకెక్కడం, క్లాప్టన్ కిందికి జారడం రెండూ అర్థమవుతాయి. ఒకాయన రాక్ అండ్ రోల్ గిటార్‌కి అక్షరాలు దిద్దాడు. ఇంకొకాయన తనకన్నా ముందువాళ్ల బ్లూస్‌ని ఎంతో అందంగా చదివాడు. ఏది గొప్ప అనేది కొలబద్ద ముందే తేల్చేసింది.

కాబట్టి వాళ్లకి క్లారిటీ ఉంది. ప్రతిసారీ వేరే క్లారిటీ.

ఎక్కువమంది ఓటేస్తే న్యాయంగా వస్తుంది కదా?

వస్తుందనే అనుకుంటాం. ఒక చిన్న లెక్క వేసి చూడండి. మీ గ్రూప్‌లో ఐదుగురున్నారు. ఒక్కొక్కరు ఐదు పేర్లు వరసగా రాస్తారు. మొదటి పేరుకి 5 పాయింట్లు, రెండోదానికి 4, అలా చివరిదానికి 1. ఒక గిటారిస్టుని ఇద్దరు మొదటి స్థానంలో రాశారు, మిగతా ముగ్గురు అసలు రాయలేదు. ఆయనకి 10 పాయింట్లు. ఇంకొకాయన్ని ఐదుగురూ మూడో స్థానంలో రాశారు. ఆయనకి 15. చూశారా, ఎవరికీ నంబర్ వన్ కానివాడు గ్రూప్ మొత్తానికి ముందుకొచ్చాడు. కొందరు ప్రాణం పెట్టుకుని, కొందరు ముఖం తిప్పుకునే వాద్యకారుడు ఈ పద్ధతిలో తరచుగా నష్టపోతాడు. అందరికీ ‘పర్లేదు, బాగానే వాయిస్తాడు’ అనిపించినవాడు లాభపడతాడు.

రెండో చిక్కు ఓటర్ల వయసు. మనిషి పదిహేనేళ్లప్పుడు దేనికోసం తలుపులేసుకుని ప్రాక్టీస్ చేశాడో, యాభై ఏళ్లకి కూడా దానికే ఓటేస్తాడు. 2011లో మొదటి పదిమంది వీళ్లు: హెండ్రిక్స్, క్లాప్టన్, జిమ్మీ పేజ్, కీత్ రిచర్డ్స్, జెఫ్ బెక్, బి.బి. కింగ్, చక్ బెర్రీ, వాన్ హేలెన్, డ్యూయన్ ఆల్మన్, పీట్ టౌన్షెండ్. అందులో ఐదుగురు 1960లలో పైకొచ్చిన ఇంగ్లండ్ కుర్రాళ్లు. ఆ ఐదుగురిలో ముగ్గురు, క్లాప్టన్, బెక్, పేజ్, ఒకరి తర్వాత ఒకరు యార్డ్‌బర్డ్స్ అనే ఒకే బ్యాండ్‌లో వాయించినవాళ్లు. భూగోళం మీదున్న పదిమంది మేటిల్లో ముగ్గురు ఒకే రిహార్సల్ గదిలోంచి వచ్చారంటే, ఆ గది అంత గొప్పదా, ఓటర్లంతా ఒకే రికార్డులు విన్నారా? నా ఉద్దేశం రెండూ అని. రెండోది కాస్త ఎక్కువ.

హెండ్రిక్సే ఎందుకు ఎప్పుడూ మొదట? సెంటిమెంటా?

చిన్న వయసులో పోయినవాళ్లకి కొంత సెంటిమెంట్ కలుస్తుంది, నిజమే. 1970 సెప్టెంబరు 18న లండన్‌లో చనిపోయేనాటికి ఆయనకి 27 ఏళ్లు. బతికుండగా వచ్చిన స్టూడియో ఆల్బమ్‌లు మూడే, అవి కూడా 1967, 1968ల్లోనే. కానీ సెంటిమెంటే అయితే 24 ఏళ్లకే పోయిన డ్యూయన్ ఆల్మన్ కూడా రెండో స్థానంలోనే ఉండిపోవాలి కదా. 2011లో 9కి, 2023లో 10కి దిగాడు.

మన క్లాసుల్లో మొదటి రోజే సార్ చెప్పే మాట: బొటనవేలు గిటార్ మెడ వెనకే ఉండాలి, పైకి రాకూడదు. హెండ్రిక్స్ పెద్ద చేతులవాడు. బొటనవేలిని మెడ మీదుగా చుట్టి, లావు తీగ మీద బేస్ స్వరాన్ని దాంతోనే నొక్కేవాడు. దాంతో మిగతా నాలుగు వేళ్లకీ సెలవు దొరికినట్టే. కింద కార్డ్ (కలిసి మోగే స్వరాల గుత్తి) మోగుతుండగానే చిటికెనవేలు, ఉంగరం వేలు పైన చిన్న చిన్న సంగతులు వేస్తుంటాయి. కళ్లు మూసుకుని వింటే ఇద్దరు వాయిస్తున్నారనిపిస్తుంది. ఎడమచేతి వాటం కాబట్టి కుడిచేతివాళ్ల స్ట్రాటోకాస్టర్ గిటార్‌ని తలకిందులు చేసి, తీగలు మార్చి కట్టుకుని ఇదంతా చేశాడు.

దానికి తోడు ఆంప్లిఫయర్ కీచుమనే ఫీడ్‌బ్యాక్. అంతకుముందు చాలామందికి అది సౌండ్ సరిచేసుకోమని చెప్పే గోల. ఆయన దాన్ని పట్టుకుని, వంచి, రాగంలో కలిపేశాడు. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ వేదిక మీద అమెరికా జాతీయగీతాన్ని అలా వాయించిన వీడియో చూడండి. బాంబులు పడుతున్న చప్పుడు, సైరన్లు, అన్నీ ఆరు తీగల్లోంచే. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు మరి. నాకు మాత్రం ఆ ఆర్భాటం కన్నా బొటనవేలి కిటుకే ఎక్కువ ఇష్టం.

అంత స్పీడ్‌గా వాయించేవాళ్లని పక్కనపెట్టి, నాలుగు స్వరాలు వాయించే బి.బి. కింగ్‌ని పైన పెడతారేంటి?

ఇది ఇంజనీరింగ్ కుర్రాళ్ల ప్రశ్న. ఏడాది మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) పెట్టుకుని సాధన చేసినవాడికి ఒళ్లు మండటం సహజమే.

బి.బి. కింగ్ తనకి కార్డ్స్ సరిగ్గా రావని తనే బాహాటంగా చెప్పుకునేవాడు. కానీ ఆయన ఒక్క స్వరం పట్టుకున్న తీరు చూడండి. చూపుడువేలు తీగ మీద ఉంటుంది, బొటనవేలు మెడని వదిలేస్తుంది, అరచెయ్యి మొత్తం ఆ ఒక్క వేలి మీద నిలబడి మణికట్టు దగ్గర అటూ ఇటూ ఆడుతుంది. స్వరం వణుకుతుంది, కానీ బెదరదు. బుక్కా వైట్ అనే కజిన్ గాజు, ఇనుము స్లైడ్‌తో (తీగల మీద జారించే గొట్టంతో) వాయించే ధ్వనిని తన వేళ్లతో తెద్దామని ప్రయత్నిస్తే ఇలా కుదిరిందని ఆయనే చెప్పాడు. కర్ణాటక సంగీతం వింటూ పెరిగినవాళ్లకి ఇందులో వింతేం లేదు. స్వరాన్ని గమకంతో పలికించడానికీ, బొత్తిగా చదును చేసి పెట్టడానికీ ఉన్న తేడా మనకి చిన్నప్పుడే చెవికి తెలుస్తుంది. బి.బి. కింగ్ స్వరాన్ని మీ గిటార్ మీద అలాగే పలికించి చూడండి. స్కేల్ ఎక్స్‌పర్ట్‌లు కూడా ఇక్కడ చెమటలు కక్కుతారు.

అలాగని వేగం పనికిరానిదని కాదు. ఎడ్డీ వాన్ హేలెన్ 1978లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో రెండు నిమిషాలు కూడా లేని ఒక సోలో ముక్కతో కుడిచేతి వేళ్లని కూడా ఫ్రెట్‌బోర్డ్ (మెడ మీద ఫ్రెట్‌లు, అంటే అడ్డపట్టీలు ఉన్న పలక) మీద కొట్టి వాయించే టాపింగ్‌ని ఊరూరా పాకించాడు. ఆయనకన్నా ముందే జెనెసిస్ బ్యాండ్‌లో స్టీవ్ హ్యాకెట్ లాంటివాళ్లు టాపింగ్ చేశారు. కానీ ఎడ్డీ తర్వాత ప్రపంచంలో ప్రతి గిటార్ షాపులో ఆ శబ్దం వినిపించడం మొదలైంది. 2003లో 70 అనేది నా దృష్టిలో ఆ లిస్టుకే మచ్చ. స్పీడ్ గొప్పదా కాదా అన్నది వదిలేసి, ఆ స్పీడ్ వల్ల మిగతావాళ్ల చేతులు ఏం మారాయో అడగండి.

ఆడవాళ్లు ఎందుకు అంత తక్కువ?

2003లో నూరుమందిలో ఇద్దరు: జోనీ మిచెల్, జోన్ జెట్. 2011లోనూ ఇద్దరే: జోనీ మిచెల్, బానీ రైట్. ఆ రెండు లిస్టుల్లోనూ సిస్టర్ రొజెట్టా థార్ప్ పేరు లేదు. 2023లో ఆమె ఆరో స్థానంలో ఉంది. లేదు నుంచి ఆరు దాకా.

ఎవరీమె అంటే, 1915లో పుట్టిన గాస్పెల్ గాయని. చర్చి పాటల్ని ఎలక్ట్రిక్ గిటార్‌తో ఊపేసిన మనిషి, 1930ల చివరినుంచే రికార్డులు ఇచ్చింది. అప్పటికి చక్ బెర్రీ ఇంకా పిల్లాడు. 1964 మే నెలలో మాంచెస్టర్‌లో మూతపడిన ఒక రైల్వే స్టేషన్‌లో టీవీ కోసం చేసిన కచేరీ వీడియో దొరుకుతుంది, తప్పక చూడండి. ఒక ప్లాట్‌ఫామ్ మీద ప్రేక్షకులు, పట్టాలకి అవతల ఇంకో ప్లాట్‌ఫామ్ మీద వాద్యకారులు. వాన పడుతోంది. గుర్రబ్బండి దిగి, కోటు వేసుకుని, తడిసిన ప్లాట్‌ఫామ్ మీద తెల్ల గిబ్సన్ గిటార్ తగిలించుకుని వానపాటే ఎత్తుకుంటుంది. సోలో దగ్గర తీగల్ని మీటే తీరు చూస్తే, తర్వాత పదేళ్లలో రాక్ సోలోలంటూ మనం విన్నవాటికి అమ్మ ఎవరో తెలిసిపోతుంది. యాభై దాటాక చనిపోయింది, 1973లో. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నది 2018లో.

2023 లిస్టు మీద ‘రాజకీయం చేశారు’ అని విసుక్కునే మిత్రులు నాకున్నారు. వాళ్లని ఆ వీడియో చూసి మాట్లాడమంటాను. చూసినవాళ్లు ‘ఆరో స్థానం ఎక్కువే, కానీ ఉండాల్సిందే’ దాకా దిగొచ్చారు. జోనీ మిచెల్ గురించి మాత్రం ఇంకా దిగిరాలేదు. ఆమె తీగల్ని డజన్లకొద్దీ వేరే వేరే శ్రుతుల్లో కట్టుకుని పాటలు కట్టింది. ఆ కార్డ్స్ మామూలు ట్యూనింగ్‌లో వాయించబోతే వేళ్లు ముడిపడతాయి. సోలో కొట్టకపోతే గిటారిస్టు కాదన్న నమ్మకం బలంగా ఉన్నచోట ఇది అర్థం కావడం కష్టం.

మనవాళ్లు ఒక్కరూ లేరేంటి? గిటార్ వాళ్ల సొత్తా?

లిస్టు పేరులో ‘ప్రపంచం’ లేకపోయినా, ‘ఆల్ టైమ్’ అని ఉంటుంది. లోపల చూస్తే అమెరికా, బ్రిటన్ రాక్, బ్లూస్ చుట్టుపక్కలే తిరుగుతుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ గుచ్చే ఉదాహరణ ఇది. 2003 లిస్టులో ఎనిమిదో స్థానం రై కూడర్‌ది. చాలా గొప్ప స్లైడ్ వాద్యకారుడు, అనుమానం లేదు. ఆయనా, జైపూర్‌కి చెందిన విశ్వమోహన్ భట్ కలిసి 1993లో ఒక ఆల్బమ్ తెచ్చారు. రికార్డింగ్‌కి కొద్దిసేపటి ముందే ఇద్దరూ మొదటిసారి కలుసుకున్నారు. ఆ ఆల్బమ్‌కి 1994లో గ్రామీ వచ్చింది. అందులో ఆలాపన నడిపించేది ఎవరో, అనుసరించేది ఎవరో చెవులున్న ఎవరికైనా వినబడుతుంది. చాలాచోట్ల ముందు నడిచేది భట్ గారే. కూడర్ 8, భట్ లేరు. ఆయన వాయించే మోహనవీణ కూడా గిటారే, ఒళ్లో పడుకోబెట్టి, కింద తరఫ్ తీగలు (మీటకుండానే తోడుగా మోగేవి) జోడించి, మొత్తం 20 తీగలతో తనే రూపకల్పన చేసుకున్న గిటార్. ఆయనకన్నా ముందే బ్రిజ్‌భూషణ్ కాబ్రా హిందూస్తానీ రాగాలని గిటార్ మీదికి తెచ్చారు. శివకుమార్ శర్మ సంతూర్‌తో, హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో కలిసి 1967లో ఆయన చేసిన రికార్డు ఇప్పటికీ ఇళ్లల్లో మోగుతుంది. ఇప్పుడు దేబాశీష్ భట్టాచార్య ఉన్నారు. కర్ణాటక సంగీతాన్ని మామూలు ఎలక్ట్రిక్ గిటార్ మీద పలికించే ఆర్. ప్రసన్న ఉన్నారు.

తెలుగువాళ్లకి ఇంకో పేరు గుర్తుకు రాక తప్పదు. మాండొలిన్ యు. శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టారు, తొమ్మిదేళ్ల వయసులో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ ఇచ్చారు, 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయారు. వాద్యం మాండొలిన్ కాబట్టి గిటారిస్టుల లిస్టులో చేర్చలేరు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద, అంత పొట్టి తీగల మీద గమకాలు తీయడం చూసి ఇంగ్లండ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ తన రిమెంబర్ శక్తి బృందంలోకి పిలుచుకున్నాడు. ఆ మెక్‌లాఫ్లిన్ 2003లో 49. పక్కన కూర్చుని సమానంగా జవాబులిచ్చిన మనిషికి లెక్కలో చోటే లేదు.

ఇందులో కుట్రేం లేదు. వాళ్లు విన్నదాన్ని వాళ్లు లెక్కపెట్టుకున్నారు. వినని ప్రపంచాన్ని కూడా కలిపి ‘ఎప్పటికీ మేటి’ అని పేరు పెట్టుకోవడం దగ్గరే నా అభ్యంతరం.

మరి తెలుగు సినిమా పాటల గిటారిస్టులకి మనమైనా లిస్టు వేసుకున్నామా?

వేయడం కష్టం, ఎందుకంటే పేర్లే దొరకవు. ఇంట్లో పాత క్యాసెట్ ఉంటే లోపలి అట్ట తీసి చూడండి. సంగీతం ఫలానా, రచన ఫలానా, గానం ఫలానా. పల్లవికి ముందు మనందరికీ నోటికొచ్చిన ఆ గిటార్ ముక్క వాయించింది ఎవరో ఉండదు. దశాబ్దాలపాటు తెలుగు పాటల రికార్డింగ్ మద్రాసులో జరిగింది. వాద్యకారులు పొద్దున ఒక భాష పాటకి, మధ్యాహ్నం ఇంకో భాష పాటకి వాయించి కాల్‌షీట్ డబ్బులు తీసుకుని ఇంటికెళ్లేవాళ్లు. ఆ బృందాల్లో కొన్ని పేర్లు అభిమానుల వల్ల బయటికొచ్చాయి. ఇళయరాజా దగ్గర గిటార్ వాయించిన సదానందం, బాస్ గిటార్ వాయించిన శశిధరన్ అలాంటివాళ్లు. ఇళయరాజా పాటల్లో బాస్ గిటార్‌ని మాత్రమే పట్టుకుని ఒకసారి వినండి. గాయకుడి కింద ఇంకో పాట నడుస్తుంటుంది. ఇళయరాజా స్వయంగా గిటార్ వాద్యకారులే, క్లాసికల్ గిటార్ పరీక్షలు రాసి పాసైనవారు. అందుకే ఆ వాద్యానికి అంత పని పెట్టారనుకుంటాను.

బొంబాయిలోనూ ఇదే కథ. గజల్ గాయకుడిగా మనందరికీ తెలిసిన భూపిందర్ సింగ్, 1970లలో ఆర్.డి. బర్మన్ ఆర్కెస్ట్రాలో గిటారిస్టు. మన పెద్దవాళ్లు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ హాళ్లలో ఈల వేసిన ఎన్నో హిందీ పాటల గిటార్ ఆయనది. గొంతుకి పేరొచ్చింది, చేతికి రాలేదు.

పత్రికల ర్యాంకుల్ని తిట్టుకునే ముందు ఇది ఆలోచించాలి. వాళ్లు కనీసం వాద్యకారుడి పేరు రాసిపెట్టుకునే అలవాటున్నవాళ్లు. 82వ స్థానమా 14వ స్థానమా అని కొట్లాడుకోవాలంటే ముందు పేరుండాలి కదా.

సోలో వాయించని రిథమ్ గిటారిస్టుని ఏడో స్థానంలో పెట్టారట, నిజమేనా?

నిజమే. 2023లో నైల్ రాడ్జర్స్, 7. షిక్ బ్యాండ్ మనిషి. డేవిడ్ బోవీ, మడోనాల పెద్ద హిట్ ఆల్బమ్‌లకి ప్రొడ్యూసర్. కుడిచెయ్యి ఆగకుండా కిందికీ పైకీ ఆడుతూనే ఉంటుంది, ఎడమచెయ్యి నొక్కినప్పుడు స్వరం, వదిలినప్పుడు ‘చక్’ అనే మొద్దు శబ్దం. డ్యాన్స్ ఫ్లోర్ మొత్తం ఆ చక్ మీద నడుస్తుంది. ఒక్క నిమిషం ఆపకుండా వాయించి చూడండి, భుజం ఎక్కడుందో తెలుస్తుంది. నాకు ఆ ర్యాంకుతో పేచీ లేదు.

పత్రికలు అసలు ఇవి ఎందుకు వేస్తాయి?

అమ్ముడుపోతాయి కాబట్టి. ఒక గిటారిస్టు గురించి మంచి వ్యాసం వేస్తే ఆయన అభిమానులే చదువుతారు. లిస్టు వేస్తే ఆయన్ని పడనివాళ్లు కూడా చదివి, తిట్టి, ఇంకో పదిమందికి పంపిస్తారు. మీరు కోపంతో పంపినా, సంతోషంతో పంపినా వాళ్లకి ఒకటే లెక్క.

మా అబ్బాయి గిటార్ నేర్చుకుంటున్నాడండీ. ఈ లిస్టు పట్టుకుని ఒకటి నుంచి వంద దాకా వినమంటారా?

వద్దండీ. వరసగా వింటే ఒకరికొకరికి సంబంధం తెలియదు. దాని బదులు ఎవరు ఎవర్ని విని నేర్చుకున్నారో ఆ దారి పట్టించండి. టి-బోన్ వాకర్, ఆయన్ని విన్న బి.బి. కింగ్, ఆయన్ని విన్న క్లాప్టన్. లేదా రొజెట్టా థార్ప్, చక్ బెర్రీ, కీత్ రిచర్డ్స్. లేదా ఆల్బర్ట్ కింగ్, ఆయన బెండింగ్‌ని (తీగని లాగి స్వరాన్ని పైకెత్తడాన్ని) దాదాపు ఉన్నదున్నట్టు దించేసిన స్టీవీ రే వాన్. ఇలా ముగ్గురు ముగ్గుర్ని వింటే పిల్లలకి ‘ఇది అక్కడ్నుంచి వచ్చిందే!’ అని దొరుకుతుంది. ర్యాంకు అంకె అది ఇవ్వదు.

ట్రినిటీ, రాక్‌స్కూల్ గ్రేడ్ పరీక్షలు రాస్తుంటే అవి రాయనివ్వండి, దేనికదే. ఒక ముఖ్యమైన సంగతి మాత్రం అడక్కపోయినా చెప్తాను. చౌక గిటార్ కొన్నారా? 12వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలు పెట్టి చూడండి. 3 మిల్లీమీటర్లు దాటి ఉంటే షాపులో చెప్పి దింపించండి. చాలామంది పిల్లలు టాలెంట్ లేక మానేయరు, వేళ్లు నొప్పిపుట్టి మానేస్తారు.

పాత గిటార్ పత్రికలు కావాలంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి. దొరుకుతాయని గ్యారంటీ లేదు. దొరికితే అందులో ర్యాంకుల పేజీలు వదిలేసి ఇంటర్వ్యూలు చదివించండి.

వాట్సాప్ గ్రూప్‌లో క్లాప్టన్ మీద గొడవపడి ఇద్దరు లెఫ్ట్ అయ్యారు. ఏం చేయాలి?

రెండ్రోజులాగి మళ్లీ యాడ్ చేయండి. వస్తారు.

మీ నంబర్ వన్ ఎవరు?

జెఫ్ బెక్. పిక్ వదిలేసి బొటనవేలితో మీటుతూ, చిటికెనవేలితో వాల్యూమ్ నాబ్ తిప్పుతూ, వ్యామీ బార్‌ని (తీగల బిగువు మార్చే కడ్డీని) ఊపిరి తీసుకున్నంత మెల్లగా ఒత్తుతూ వాయిస్తాడు. మాటలు లేకుండా పాడతాడు. 2023 జనవరిలో పోయాడు. మూడు లిస్టుల్లో 14, 5, 5. రెండుసార్లు ఐదే వచ్చినా నాకు తృప్తి లేదు, ఇంకా తక్కువే అంటాను. నేనూ మీలాంటివాణ్నే.

మా బ్యాండ్ వాళ్లం కలిసి సొంత లిస్టు వేద్దామనుకుంటున్నాం. ఎలా వేస్తే గొడవ తక్కువ?

గొడవ తక్కువ కావాలంటే అసలు వేయకండి. వేయాలనే ఉంటే, మొదట దేన్ని కొలుస్తున్నారో ఒక వాక్యంలో రాసి అందరి చేతా ఒప్పించండి. ‘పాటకి పనికొచ్చేలా వాయించినవాళ్లు’ అన్నది ఒక కొలత. ‘తర్వాతవాళ్ల చేతులు మార్చినవాళ్లు’ ఇంకో కొలత. ‘చేతి పనితనం’ మూడో కొలత. మూడూ కలిపి ఒకే లిస్టు వేశారో, రాబర్ట్ జాన్సన్ గతే అందరికీ పడుతుంది. అంకెలు వేయడం కన్నా పది పదిమందిగా మెట్లు చేసుకోవడం మేలు. 37వవాడికీ 38వవాడికీ తేడా ఏంటని అడిగితే ఏ ఎడిటరూ నిజాయితీగా జవాబు చెప్పలేడు.

సినిమా వాద్యకారులకి విడిగా ఒక పేజీ ఉంచండి. పేరు తెలియకపోతే పాట పేరు రాసి, పక్కన ‘గిటార్ ఎవరో కనుక్కోవాలి’ అని రాయండి. మద్రాసులో వాయించిన పాతవాళ్లని ఎరిగిన పెద్దమనిషి మీ చుట్టాల్లోనో, మీ సార్ స్నేహితుల్లోనో ఎవరో ఒకరు ఉంటారు, ఫోన్ చేసి అడగండి.

ఇంకో నియమం, ఇది మాత్రం గట్టిగా పెట్టుకోండి. పేరు చెప్పినవాడు ఆ గిటారిస్టు వాయించిన ఒక ముక్కని అక్కడే ఫోన్లో వినిపించి, అందులో ఏ క్షణం కోసం ఆయన పేరు రాశాడో చెయ్యెత్తి చూపించాలి. వినిపించలేకపోతే పేరు కొట్టేయండి. మొదటి రౌండ్‌లోనే సగం పేర్లు ఎగిరిపోతాయి, మీరే చూస్తారు.